రైలు కట్ట మీద రెండో బొండాం

ఆ రోజుల్లో ఉద్యోగం అంటే కుర్చీలో కూర్చోవడం అనుకునేదాన్ని. తీరా వచ్చాక, నా మొదటి ఉద్యోగంలో నేను కూర్చున్నదంతా సైకిలు సీటు మీదే. సముద్రం ఒడ్డున చిన్న పల్లె, అక్కడొక బడి, ఆ బడికి ఒక్క టీచరు, ఆ ఒక్క టీచర్నీ నేనే. అదీ తాత్కాలికం. మెయిన్‌రోడ్డు మీదున్న మా పిన్నిగారింట్లో ఉంటూ, పిన్నిగారి పాత లేడీస్ సైకిలు మీద రోజూ వెళ్ళొచ్చేదాన్ని. ఆ పల్లెకి ఉన్న దారల్లా పాత రైలు కట్ట. ఎప్పుడో యుద్ధం రోజుల్లో పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారట, కట్ట మాత్రం వదిలేశారు. ఒకపక్క వరిచేలు, రెండోపక్క సరుగుడు తోటలు, వాటి అవతల కనపడకుండా హోరుమనే సముద్రం. ఎంత ప్రశాంతంగా ఉండేదో అని ఇప్పుడు అందరికీ చెప్తాను గానీ, అప్పుడు ఆ ప్రశాంతత చూసే ఓపిక నాకెక్కడిది. సముద్రపు గాలికి చీర ఒకవైపు, సైకిలు ఒకవైపు, నేనొకవైపు. చైనుకి కవరు లేదు కాబట్టి నా చీరలన్నిటి అంచుకీ నల్లటి గ్రీజు. (మా పిన్నిగారు దాన్ని ఉద్యోగం బోర్డరు అనేవారు.)

ఆ కట్టకో పద్ధతుంది. చుట్టుపక్కల అంతా పల్లపు నేలేమో, తడి లేని చోటంటే అదొక్కటే. కోతలయ్యాయంటే కట్ట పొడుగునా వడ్లు ఆరబోసేవారు. దాటాలంటే సైకిలు దిగి, నెట్టుకుంటూ నడవాలి. ఊరికే నడిస్తే కుదరదు, పాదాలు వడ్లలో ఈడ్చుకుంటూ చాళ్ళు పడేలా నడవాలి. అలా వచ్చేపోయే వాళ్ళందరి కాళ్ళతోనూ వాళ్ళ వడ్లు తిరగబడి ఆరిపోయేవి. కట్ట మొదట్లోనే స్టూలేసుకుని కూర్చునే మామ్మగారు ఒకావిడ ఉండేవారు. ఎవరైనా అంచు మీంచి జారుకుందామని చూస్తే, "ఏవమ్మా పంతులమ్మా, పక్కనుంచి పోతావేంటి? కాస్త కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళు, నీ సొమ్మేం పోయింది" అనేవారు. పోయేది నా సొమ్ము కాదు, నా టైము. ఆ సంగతి ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కేది కాదు.

ఇలాగే ఒకసారి ఆలస్యంగా వెళ్ళి ఇన్‌స్పెక్టరు గారికి దొరికిపోయాను. ఆయన కోప్పడలేదు. చేతి గడియారం వంక చూసి, నా చీర అంచు వంక చూసి, "ఇంకోసారి నాకంటే వెనక వస్తే మళ్ళీ రానక్కర్లేదమ్మా" అన్నారు. అంతే. ఇంటి దగ్గర మా నాన్నగారు అప్పటికే మండపేటలో రైసుమిల్లు గుమస్తా సంబంధం ఒకటి చూసి పెట్టారు. "ఇది పోతే ఇంకో ఉద్యోగం మాట ఎత్తకూడదు" అని ఒప్పందం. గుమస్తా మీద నాకేం కోపం లేదు. కానీ గ్రీజు చీరలతోనైనా సరే, నా జీతం నేను తెచ్చుకోవడంలో రుచి బాగా మరిగాను.

మళ్ళీ ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నారని ముందే కబురొచ్చింది. సరిగ్గా అంతకుముందే తుఫాను ముసురు పట్టి, ఆ రోజే ఎండ కాసింది. ఇంకేముంది, తడిసిన వడ్లన్నీ కట్టెక్కేశాయి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నేల కనిపిస్తే ఒట్టు. దానికి తోడు నా సైకిలు చైను ఊడింది. అది ఎక్కించుకుని, మామ్మగారి వడ్లలో కాళ్ళీడుస్తూ వెనక్కి చూద్దును కదా, దూరంగా మెయిన్‌రోడ్డు వైపునుంచి తోలుసంచీ తగిలించిన సైకిలు ఒకటి వస్తోంది. సందేహం లేదు, ఆయనే. నాకంటే బాగా తొక్కుతున్నారు కూడా. ఏడుపొచ్చింది. ఇంత దూరం ఇన్నాళ్ళు తొక్కిన తొక్కుడంతా వడ్లపాలు అనుకున్నాను.

అప్పుడు మామ్మగారు, "ఎవరమ్మా ఆ వచ్చేది?" అన్నారు. ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. "ఇన్‌స్పెక్టరు గారండి. పాపం పొద్దున్నే బయల్దేరుంటారు, ఏమీ తిని ఉండరు. బాగా మొహమాటస్తులు, ఏమిచ్చినా వద్దంటారు. మీరు వినకండి."

మా గోదావరి జిల్లాల వాళ్ళతో ఆ మాట అనకూడదు. మామ్మగారు చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచి, కొబ్బరి బొండాం కొట్టే కత్తి కోసం కేకేశారు. తరవాతి వడ్ల వాళ్ళకీ అదే చెప్పాను. ఆ తరవాత, కట్ట దిగువ ఇంట్లో పెనం మీద పెసరట్టు వేస్తున్నావిడకీ చెప్పాను. సరుగుడు తోట దగ్గరున్న రైతుకి చెప్తే, ఆయన ఇంట్లో ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చిన పూతరేకులున్నాయని ఆయనే గుర్తు చేసుకున్నాడు. నేను అలా ముందుకి పోతూనే ఉన్నాను. వెనకనుంచి గాలిలో అప్పుడప్పుడు "వద్దండి... అబ్బే, వద్దండి" అని వినపడుతూనే ఉంది.

నేను బడికి ఆలస్యంగానే వెళ్ళాను. ఆయన మధ్యాహ్నానికి వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, పాదాలకి వడ్ల దుమ్ము, చేతిలో బూట్లు, బెల్టు బాగా వదులు చేసి ఉంది. నా కుర్చీలో కూర్చుని, "ఏం చదువుతున్నార్రా..." అంటూనే నిద్రలోకి జారిపోయారు. నేను బెత్తం పట్టుకున్నా ఊరుకోని పిల్లలు ఆయన గురకకి ఆశ్చర్యపోయి, నోరు తెరుచుకుని చూస్తూ కిక్కురుమనకుండా కూర్చున్నారు. చాలాసేపటికి ఆయన లేచి, ఆ నిశ్శబ్దం చూసి, "క్రమశిక్షణ బాగుందమ్మా" అన్నారు. బూట్లు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. బయట కట్ట వైపు చూసి, చాలా నీరసంగా, "అమ్మాయ్, వెనక్కెళ్ళడానికి వేరే దారేమీ లేదా?" అన్నారు. "లేదండి" అన్నాను. ఉద్యోగం నిలబడింది. (గుమస్తా గారిని తరవాత చేసుకున్నాను, ఉద్యోగం మానకుండానే.)

ఇప్పుడు ఆ తనిఖీలు చేసే కుర్చీ నాది. రిటైర్మెంటు దగ్గరపడింది. మోకాళ్ళు సైకిలు మాట ఎత్తనివ్వవు, ఫోను ఊపిరి తీసుకోనివ్వదు. పైవాళ్ళ మెసేజీలకి జవాబులు పెట్టడంతోనే సగం ఉద్యోగం, సగం ప్రాణం అయిపోతున్నాయి. మొన్నీమధ్య అదే కట్ట మీద అదే బడికి కార్లో వెళ్ళాను. పచ్చటి చేలు పోయి రొయ్యల చెరువులొచ్చాయి, కట్టకి సిమెంటు వేశారు. అయినా మిగిలిన నాలుగు చేల వడ్లూ దాని మీదే ఆరుతున్నాయి. డ్రైవరు హారన్ కొట్టబోతే వద్దన్నాను. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, అలవాటు కొద్దీ కాళ్ళీడ్చుకుంటూ నడిచాను. అంతలోకే ఒకావిడ బొండాం పట్టుకుని ఎదురొచ్చింది.

"వద్దమ్మా, టైమైపోతోంది" అన్నాను.

"మీరలాగే అంటారని మా బడి టీచరుగారు చెప్పారండి. మేడమ్ గారు మొహమాటస్తులు, వద్దంటారు, వినకండి అన్నారు."

తలెత్తి చూశాను. ముందు, చాలా దూరంలో, ఒక అమ్మాయి స్కూటీ నెట్టుకుంటూ వడ్లలో గబగబా కాళ్ళీడ్చుకుంటూ పోతోంది. గాలికి చున్నీ ఒకవైపు, బండి ఒకవైపు. ఇది తనకెవరు నేర్పారో, లేక తనంతట తనే కనిపెట్టుకుందో. బొండాం తాగేసి, కట్ట పక్కన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చున్నాను. డ్రైవరు గడియారం చూపించి, "లేటవుతుందేమోనండి" అన్నాడు.

"అవనీ నాయనా, నువ్వూ కూర్చో" అని చెప్పి, ఆవిడతో ఇంకో బొండాం కొట్టమన్నాను.