అక్క కూర్చున్న పెట్టె

విరుదునగర్‌లో టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంటే కోవిల్‌పట్టి నుంచి ఫోను వచ్చింది. "అక్క పోయింది" అన్నారు. ఏ అక్క అని అడగలేదు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. వారమంతా అగ్గిపెట్టెలు అంటిస్తూ, ఆదివారం మాత్రం పిల్లలకు బైబిలు కథలు చెప్పే ఎదురింటి అక్క ఒక్కతే ఉండేది.

బస్సు సాత్తూరులో ఆగింది. అలవాటుగా దిగి ఆమెకిష్టమైన కారసేవు పొట్లం కొన్నాను. మళ్లీ సీట్లో కూర్చున్నాక గాని గుర్తురాలేదు, తినే మనిషి లేదని.

తొంభైల్లో పాత పేపర్ల కొట్లో నాకొక అట్టలేని తమిళ పుస్తకం దొరికింది. ఇరాక్ వైపు ఒకప్పుడున్న సుమేరు దేశం గురించి. బడి సగంలో మానేసినవాడికి చేతికొచ్చిన పుస్తకమే బడి. కొట్టువాడు దాన్ని వేరుశెనగ పొట్లాలకు చింపబోతుంటే లాక్కున్నాను. వాడు ఈనాటికీ నన్ను దొంగలాగే చూస్తాడు, అది వేరే కథ. సాయంత్రాలు అక్క గడప దగ్గర కూర్చుని అందులో ఉన్నది చెప్పేవాణ్ణి.

"అబ్రాహామంటే గుడారాలాయన అనుకుంటినే!" అంది ఒకరోజు.

"కాదక్కా. ఆయన పుట్టింది ఈ సుమేరులోనే, ఊర్ అనే పట్టణంలో. అక్కడ ఇటుక మిద్దెలు, చంద్రుడికి కొండంత గుడి. ఇళ్లలో ఇంటిదేవుడికో గది, ఆ గది నేల కింద ఆ ఇంట్లో పోయినవాళ్లు."

జిగురు పులిమే వేలు ఆగిపోయింది. "పోయిన పెద్దలను నేల కిందే వదిలేసి వచ్చినారా?"

"దేవుడు పొమ్మన్నాడు కదా."

"పొమ్మనేవాడికేమి తమ్ముడా, వచ్చేవాడికి కదా కాళ్లు నొచ్చేది" అంది.

ఆమెకు తెలుసు. ఎట్టయాపురం పక్క నల్లరేగడి పల్లెలో, తెలుగు రైతుల ఇంట పుట్టింది. క్రైస్తవుణ్ణి కట్టుకుని వచ్చేసింది. తల్లి పోయినప్పుడు వెళితే వాకిట్లోనే కూర్చోబెట్టారట. ఆమె తిరిగొచ్చాక ఆ ఇంట్లో దేవుడి గూటిలో ఇలవేల్పు ఇంటమ్మ కనబడలేదు. అరచేతంత ఇత్తడి ముఖం. పెద్దలు ఉత్తరాన్నుంచి నదులు దాటి వస్తూ ఒళ్లో పెట్టుకుని తెచ్చిన అమ్మ.

వారం తిరక్కుండా ఆమె తోడబుట్టిన తమ్ముడు వచ్చాడు. అటక, పొయ్యి వెనక, బియ్యపు కుండ, అన్నీ వెతికాడు. అక్క, అగ్గిపెట్టెల కంపెనీ వాళ్లు పారేసిన కొయ్యపెట్టె మీద కూర్చుని తన పాటికి అట్టలు మడుస్తోంది. నేను గడపలో ఉన్నాను.

"లే అక్కా."

"మోకాలు పట్టేసిందిరా. కావాలంటే నన్నెత్తి పక్కన పెట్టి చూసుకో."

అక్కను ఎలా ఎత్తుతాడు? మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆమె బతికుండగా మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మరుసటి ఆదివారం ఆమె పిల్లలకు రాహేలు కథ చెప్పింది. రాహేలు అబ్రాహాము మనవడి భార్య. పుట్టింటి దేవుళ్లను ఎత్తుకొచ్చి ఒంటె జీను కింద దాచి, దానిమీద కూర్చుంది. తండ్రి వెతకవస్తే ఒంట్లో బాగాలేదు, లేవలేనంది.

"దొంగతనం పాపం కదా టీచరమ్మా?" అంది ఒక పిల్ల.

"పాపమే. ఊర్ విడిచి ఎన్ని తరాలైనా ఆ ఇళ్ల వాసన పెద్దవాళ్లకే పోలేదు. ఆడపిల్లకి పొమ్మంటే పోతుందా?"

వరండాలో కూర్చుని విన్న నేను నవ్వబోయి మానేశాను.

బస్సు కదిలితే పరుగెత్తి ఎక్కే అక్క మోకాలు, పాస్టరయ్య ఇంటికొస్తే మాత్రం పట్టేసేది. అందరూ లేచేవారు, ఆమె లేచేది కాదు. పాస్టరయ్య మంచివాడే గాని విగ్రహం మాట దగ్గర రాయి. తెలిస్తే పిల్లల్ని ఆమె దగ్గర కూర్చోనిచ్చేవాడు కాదు. ఆమె పోయాక ప్రార్థన చెయ్యడానికీ ఆయనకు నోరు వచ్చేది కాదు.

కోవిల్‌పట్టిలో బస్సు దిగి నేను వెళ్లేసరికి ఆడవాళ్లు చోటు కోసం సామాను బయటికి జరుపుతున్నారు. పెట్టెను లాగితే లోపల ఏదో లోహం దొర్లిన చప్పుడైంది. "ఏముందబ్బా ఇందులో, తాళం చూడండి" అంది ఒకామె.

అప్పుడే ఆమె తమ్ముడొచ్చాడు. జుట్టు నెరిసిపోయింది, కాళ్లకు ఇంకా రేగడి మన్ను ఉంది. అక్క ముఖం చూశాడు. ఒకామె పెట్టెను మళ్లీ కదిపితే వచ్చిన చప్పుడు అతనూ విన్నాడు. ఆడవాళ్ల మధ్య నుంచి వచ్చి, "ఇది ఇక్కడే ఉండనీండమ్మా" అని పెట్టెను ఆమె తలాపుకు జరిపి, దానిమీద కూర్చున్నాడు.

పాస్టరయ్య బైబిలు చేతపట్టుకుని లోపలికొచ్చాడు. ఇల్లంతా లేచి నిలబడింది. అతనొక్కడే లేవలేదు.

"మోకాలు పట్టేసింది, అయ్యగారూ" అన్నాడు.

ప్రార్థన అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఆమె వేళ్లు రాల్చిన జిగురు ఆ చెక్క మీద గట్టిపడిపోయి ఉంది. అతని చెయ్యి మెల్లగా దాన్నే తడుముతోంది.