గుప్పెడు తెల్లపొడి

మా వదిన మనిషిని చూస్తే ముందు కాళ్లు చూస్తుంది, మొహం తర్వాత. పెళ్లయి మా ఇంటికొచ్చిన మొదటి వారంలోనే నన్ను వాకిట్లో అటూ ఇటూ నడిపించి, "ఎడమకాలు ఈడుస్తున్నావు, ముందు ఆ చెప్పులు మార్చు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ లెక్కన నేను ఆవిణ్ణి పరీక్ష చెయ్యాలి గానీ ఆవిడ నన్ను చెయ్యడమేమిటి? చెప్పులు మార్చాక మడమ నొప్పి తగ్గిందన్న సంగతి ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆవిడ పనిచేసేది పందుల ఫారంలో. దాణా కలపడం ఆవిడ పని. గింజల పిండి, సోయా చెక్క, ఉప్పు, ఎముకల బలానికి వేసే తెల్లపొడి, అన్నీ తూచి మిక్సర్లో పోసి తిప్పి తొట్లలో నింపాలి. ఫారం మెరక మీద ఉంటుంది. పెంటంతా వెనకున్న సిమెంటు గుంటలోకి పోతుంది, అక్కణ్ణుంచి ట్యాంకరుతో చుట్టుపక్కల పొలాలకి చల్లుతారు. ఆ పొలాల కింద పల్లంలో మా అన్నయ్య చేపల చెరువు. అంటే జీతం మెరక నుంచి, చేపలు పల్లం నుంచి, మధ్యలో పెంట. మా ముగ్గురి బతుకూ దాని మీదే నడిచేది. నేను ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంటాను కాబట్టి ఈ ఇంట్లో నాకు తెలియని గొడవ లేదు.

"భోజనం దగ్గర కూడా ఆ వాసనేంటే?" అని అన్నయ్య అంటే, "మీ చేపలేమన్నా సెంటు పూసుకొస్తాయా?" అనేది వదిన. వాళ్ల సరసం అలా ఉండేది.

ఆవిడకి ఈ కాళ్ల పిచ్చి ఎలా పట్టిందంటే, పనిలో చేరిన కొత్తలో ఓసారి తెల్లపొడి అయిపోయింది. యజమాని ఇవాళ రేపు అంటూ తెప్పించలేదు. కొత్త కదా, ఈవిడా గట్టిగా అడగలేదు. పిల్లలకి పాలిస్తున్న తల్లిపంది ఒకటి పొద్దున్నే లేవబోయి వెనక కాళ్ల మీద కూలబడింది. ఎముకల్లో సత్తువంతా పాలల్లోనే పోయింది పాపం. మళ్లీ లేవలేదు. ముందు కాళ్లతో పాక్కుంటూ తొట్టి దాకా వచ్చేది. దాన్ని కోతకి బండెక్కించిన రోజు వదిన అన్నం ముట్టుకోలేదు. అప్పట్నుంచి తూచిన తెల్లపొడి మీద ఇంకో గుప్పెడు వేసేది. అడిగితే ఒకటే మాట, "ఎందుకైనా మంచిది."

కొన్నేళ్లకి చెరువుకి పాచి పట్టడం మొదలైంది. నీళ్లు చిక్కబడి ఆకుపచ్చగా అయ్యాయి. ఓ ఏడాది సగం చేపలు పోయాయి. అన్నయ్య తిన్నగా మెరకెక్కి, "నీ పందులు నా కొంప ముంచుతున్నాయి, కాలుష్యం ఆఫీసుకెళ్లి ఫారం మూయిస్తా" అని యజమాని మీద లేచాడు. యజమాని మంచివాడో భయస్థుడో గానీ, పశువుల డాక్టరమ్మని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. డాక్టరమ్మ రబ్బరు బూట్లు గుమ్మం బయట విప్పి, నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని విడమర్చి చెప్పింది.

"గింజల్లో భాస్వరం ఉంటుందమ్మా, కానీ తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టు ఉంటుంది. పంది కడుపుకి ఆ తాళం తీయడం రాదు. ఎముకలకి చాలదని మనం పైనుంచి తెల్లపొడిలో ఇంకో భాస్వరం పోస్తున్నాం. అరగనిదీ, మిగిలిందీ కలిసి పెంటలోకి పోతుంది. పెంట పొలానికి, పొలం నుంచి వానకి చెరువులోకి. పాచికి అంతకన్నా బలమైన తిండి లేదు. ఈ కొత్తపొడి దాణాలో కాస్త కలిపితే ఆ తాళం తీస్తుంది. కానీ తెల్లపొడి సగానికి పైగా తగ్గించాలి. అది తగ్గించకపోతే ఇది వేసీ దండగే. తెలిసిందా?"

"మరి కాళ్లో?" అంది వదిన.

"కాళ్లకేం కాదమ్మా."

"మీరేమన్నా రోజూ వచ్చి చూస్తారా?"

డాక్టరమ్మ నవ్వింది. వదిన నవ్వలేదు. ఈ వానలు తగ్గేదాకా చూద్దామని, అప్పటికీ పెంటలో భాస్వరం తగ్గకపోతే అన్నయ్య ఆఫీసుకే వెళ్లొచ్చని మాటయింది. అన్నయ్య మళ్లీ చేపపిల్లల్ని వదిలాడు. "ఇవీ పోతే ఇక చెరువు నా వల్ల కాదు" అన్నాడు. ఊరికే అన్న మాట కాదది. ఆయనకి వేరే పని రాదు, చేతిలో మిగిలిందంతా ఆ నీళ్లలోనే పోశాడు.

వదిన కొత్తపొడి కలిపింది. తెల్లపొడి మాత్రం తగ్గించలేదు. గోదాములో గోడకి ఆనించి పాత బస్తాలు బోలెడున్నాయి. యజమాని కొత్తవి తెప్పించడం మానేశాడు గానీ పాతవి ఎవరు చూడొచ్చారు? ఎప్పటి కొలత అప్పుడే, పైన గుప్పెడూ అలాగే. పాలిచ్చే తల్లిపందుల మొహం చూస్తూ తగ్గించడానికి ఆవిడకి చెయ్యి రాలేదట.

వానలు దంచి కొట్టాయి. తర్వాత మబ్బు పట్టి రోజుల తరబడి ఎండ మొహం కనిపించలేదు. ఎండ లేక పాచి కుళ్లి, నీళ్లలో గాలి లేకుండా చేసింది. ఓ తెల్లవారి అన్నయ్య కేకకి నేనూ వదినా పరిగెత్తాం. చెరువు నిండా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలికోసం కొట్టుకుంటున్నాయి. అన్నయ్య నడుం లోతు నీళ్లలో దిగి రెండు చేతులతో నీళ్లు చిలుకుతున్నాడు, ఆ ఒక్క మనిషి చేతులు అంత చెరువుకి ఊపిరి పోసేస్తాయన్నట్టు. నీళ్లకి గాలి కొట్టే మిషను ఎప్పుడో మొరాయించింది. ఎండెక్కేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే. నాకు ఏడుపొచ్చింది. వదిన గట్టు మీద తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అసలు సంగతి అప్పటికి తెలియక, భర్త చేపలు పోయిన బాధనుకున్నాను నేను.

ఆ మధ్యాహ్నం ఫారం లెక్కల గదిలో పంచాయితీ జరిగింది, అన్నయ్య వెంట నేనూ వెళ్లాను. డాక్టరమ్మ పెంట పరీక్ష చేయించి వచ్చింది. భాస్వరం రవ్వంతైనా తగ్గలేదు. యజమాని తల పట్టుకుని, "కొత్తపొడి అమ్మినవాడు మోసం చేశాడు" అన్నాడు. "ఎవడు చేస్తే నాకేం, పోయింది నా చేపలు" అన్నాడు అన్నయ్య, కాలుష్యం ఆఫీసుకి బయల్దేరుతూ. అప్పుడు వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పొడి మంచిదేనండీ. నేనే తెల్లపొడి తగ్గించలేదు. ఒక్కరోజు కూడా తగ్గించలేదు."

 పక్క షెడ్డులో పందులు తొట్టి దగ్గర అరుస్తున్నాయి, మేత టైమైంది మరి. అన్నయ్య ఆవిణ్ణి చూసిన చూపు నాకు నచ్చలేదు. కొట్టినా బాగుండేదనిపించింది, పక్కనుంచి తప్పుకుని, ఆఫీసుకి కాదు, ఇంటికి వెళ్లిపోయాడు. పొలాల్లో పాత భాస్వరం చాలా పేరుకుంది, తప్పంతా ఈవిడ మీదే వెయ్యలేమని డాక్టరమ్మ ఆయన వెనకాలే చెప్పుకుంటూ నడిచింది. ఆయన విన్నాడో లేదో.

యజమాని వదినని పనిలోంచి తీసెయ్యలేదు. కొత్త కొలతకి చాలినంత ఉంచి పాత బస్తాలు బయటికి పంపించేశాడు, అంతే. ఆవిడ కొత్త కొలత ప్రకారం కలపడం మొదలెట్టింది. రెండో పరీక్షలో భాస్వరం బాగా దిగింది. ఏడాది తిరిగేసరికి పల్లంలో నీళ్లు తేటపడ్డాయి కూడా, కానీ అందులో వదలడానికి చేపలేవీ? అన్నయ్య చెరువు వదిలేశాడు. ఇంకో దారిలేక అదే ఫారంలో ట్యాంకరు డ్రైవరుగా చేరాడు. ఇంట్లో మాత్రం భార్యతో పొడి మాటలే. "ఉప్పందుకో", "తలుపు వెయ్యి", అంతవరకే. ఇద్దరి మధ్యా నా ప్రాణం అడకత్తెరలో పోకచెక్క అయింది.

కానీ ఆయన రోజూ బండి తీసే ముందు తల్లిపందుల షెడ్డు దగ్గర ఆగుతున్నాడని వదిన కనిపెట్టింది. కటకటాలకి ఆనుకుని చాలాసేపు వాటి కాళ్లవైపే చూస్తున్నాడట. ఆవిడ మొహంలో ఎన్నాళ్లకో వెలుగు చూశాను. "మీ అన్నయ్యకి కోపం దిగుతోంది" అని నా చెవిలో చెప్పింది. ఆ సాయంత్రం భోజనం దగ్గర ధైర్యం చేసి ఆయన్నే కదిపింది.

"చూస్తున్నారుగా, తెల్లపొడి తగ్గించినా ఒక్కటీ కుంటట్లేదు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి."

అన్నయ్య కంచంలోంచి తలెత్తాడు.

"అవునే. ఒక్కటైనా కుంటుతుందేమోనని రోజూ చూస్తున్నా. కుంటితే, నీ గుప్పెడు అవసరమేనని, నా చేపలు దేనికో ఒకదానికి పనికొచ్చాయనుకునేవాణ్ణి."