పగడానికి పట్టిన పురుగులు

బుక్కరాయసముద్రంలో కాంట్రాక్టరు హనుమంతరాయుడి ఇంట్లో వంట నాది, కాపలా వీరేష్‌ది. విడపనకల్లు దగ్గర వేరుశనగ వేసి వేసి, వాన రాక విసిగి వచ్చినవాడు. పెళ్లాం మహేశ్వరి ఊళ్లోనే కూలికి పోతోంది. గేటు పక్క గదిలోకి ఆమెనూ తెచ్చుకుంటానని ఎన్నిసార్లు అడిగినా, ఒక్కడి పనికి ఒక్కడుంటే చాలంటాడు హనుమంతరాయుడయ్య. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఇక్కడ మేం తాగే నీళ్లకు ట్యాంకరు కోసం కాచుకుంటుంటే, ఆయన హాల్లో గాజుతొట్టి పెట్టించి, ఫిల్టరు నీళ్లలో ఉప్పు కలిపించి సముద్రపు పగడాన్ని పెంచుతున్నాడు. చూడ్డానికి గులాబీరంగు కొమ్మలే గానీ దానికి ప్రాణముందట. దాని ఆలనాపాలనా కూడా వీరేష్ నెత్తినే పడింది.

ఒకరోజు ఆ కొమ్మల సందులో గోరంత ఎండ్రకాయలు రెండు కనబడ్డాయి. ఎర్రచుక్కలవి. రైతు కదా, కొమ్మ మీద కదిలేదేదైనా అతనికి పురుగే. చేలో గొంగళిపురుగులు ఏరినట్టు రెండింటినీ ఏరి ఉప్పునీళ్ల గిన్నెలో వేశాడు. చంపడానికి మాత్రం మనసొప్పలేదు. ఇంత పొట్టివి ఏం తిని బతుకుతాయోనని గిన్నె మీదే వంగి కూర్చున్నాడు. నాకూ చూడబుద్ధయింది. అవతల చారు పొంగిపోయింది.

వారం తిరక్కుండానే కొమ్మల్లో మడ్డి పేరుకుని పగడం పాలిపోయింది. అది చస్తే నువ్వూ మూట సర్దుకో అని అయ్య ఎగిరాడు. గదిలోకి పెళ్లాం రావడం అటుంచి, ఉన్నవాడే పోయేలా ఉన్నాడని నాకు ఏడుపొచ్చింది. వీరేష్ తొట్టి అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాడు. అవి పురుగులు కావయ్యా, అక్కడ జంటగా కాపురముంటాయి, పగడం జిగురే వాటి తిండి, మడ్డి తోసేదీ, కొరకవచ్చినవాటిని తరిమేదీ అవే అని దుకాణంవాడు గడ్డిపెట్టాడు.

గిన్నెలోవి ఇంకా బతికే ఉన్నాయి. తొట్టిలో వదలగానే బిరబిరా పాకి తమ సందులో దూరాయి. అవి కాళ్లతో మడ్డి తోస్తుంటే మేమిద్దరం గాజుకు ముక్కులానించి చూశాం. మెల్లగా పగడానికి రంగు తిరిగింది.

ఇక అయ్యకు అదే గొప్ప. మొగుడూ పెళ్లాం కలిసి ఇల్లు కాస్తాయని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. మొన్న గుత్తి నుంచి వచ్చిన వియ్యంకుడికి అలాగే చెబుతుంటే, వీరేష్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"అన్నా, ఎండ్రకాయలకు ఇద్దరికీ ఇల్లిచ్చినావు. నా పెండ్లాం మాత్రం ఆడ్నే ఉండాల్నా?"

వియ్యంకుడు పకపకా నవ్వాడు. అయ్య నవ్వలేదు. తొట్టి వంక చూశాడు.

"పిల్చుకొని రాపో" అన్నాడు.

వీరేష్ ఊరికి పోయి ఆమెను తెచ్చేదాకా, ఆ పూట గేటు దగ్గర నేనే కూర్చున్నాను.