మేకలు కాపురముండే వీధి

శివజ్యోతి గెలిచిన జగడం ఒకటి కళ్లారా చూశాను. వేంపల్లెలో మా వీధి ఆశా కార్యకర్త ఆమె. కొళాయి గొట్టం పగిలి మురిక్కాలవలో మునిగి ఉందని, ఇంటింటా జిగట విరేచనాలు అందుకేనని ఆమె అంటే, వీధికి నీళ్లొదిలే వాల్వులు తిప్పే ప్రేమయ్య రెంటికీ సంబంధమే లేదన్నాడు. ఆడవాళ్లు చేతులు కడుక్కోరని పైగా నీతులు చెప్పాడు. ఆమె నా అంగట్లోనే బట్టల నీలిమందు సీసా కొని కాలవలో ఒంపేసింది. నీళ్లు వదిలే దాకా అక్కడే నిలబడింది. నా బిందెలోకి మొదట దూకినవి నీలం నీళ్లే.

"ఏమప్పా ప్రేమయ్యా, కడగాల్సింది మా చేతులా, నీ గొట్టమా?" అని అడిగింది శివజ్యోతి.

వీధంతా నవ్వింది. ప్రేమయ్య ఆ పూటే గొట్టానికి పాత సైకిల్ ట్యూబు చుట్టి పోయాడు. అది పది రోజులే నిలిచింది.

ఎదురింటి హర్షిణికి ఆరేళ్లు. విరేచనాల్లో మూడోసారి నెత్తురు పడింది. పిల్ల ఎండిన జొన్నదంటు అయిపోయింది. మాత్రలు మింగితే తగ్గుతుంది, అవే నీళ్లు తాగితే తిరగబెడుతుంది. కొత్త గొట్టం కోసం శివజ్యోతి పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగింది. అమీబా అనే కంటికి ఆనని పురుగు మనుషుల కడుపుల్లో ఉందని రుజువు కావాలన్నారు. పది ఇళ్ల నుంచి మలం పరీక్షకు తెమ్మన్నారు. పిల్ల నెత్తురు చాలదు వాళ్లకు, కాగితం కావాలి.

ఆమె ఇంటింటికీ మూత డబ్బీ ఇచ్చింది. మా వాళ్లకు సిగ్గు. ఎనిమిది డబ్బీల్లో మేక పెంటికలు నీళ్లతో పిసికి పెట్టారు. అందులో ఒకటి నాది. నాలాంటి మర్యాదస్తురాలిది ఎవడో తెరిచి చూడడమా అనుకున్నాను.

ఈ వీధిలో మేకలే కాపురముంటాయా అని పరీక్ష చేసినాయన అడిగాడట. ఆఫీసువాళ్లకు అదే చాలింది. పదింట ఎనిమిది డబ్బీల్లో పురుగు కనపడలేదు కాబట్టి నీళ్లు మంచివేనని సంతకం పెట్టేశారు. మేక కడుపు చూసి మనిషి తాగే నీళ్లకు సంతకం! తిట్టడానికి నోరు తెరిచాను. నా డబ్బీ గుర్తొచ్చి మూసుకున్నాను. దాంతో నాకు ఇంకా మండింది.

నిన్న శివజ్యోతి అంగడికొచ్చి నా ముందు ఖాళీ డబ్బీ పెట్టింది. కసరలేదు. హర్షిణిని కడప ఆసుపత్రిలో చేర్చారని చెప్పింది.

"నువ్వు తెస్తే అందరూ తెస్తారు పెద్దమ్మా. రేపు పొద్దున్నే దీన్ని నింపి, కొంగు కింద దాచకుండా, నడి బజార్లో చేతబట్టుకోని రా. ఎవురన్నా అడిగితే, అందులో ఏముండాదో చెప్పు."