ముగ్గుతో గీసిన తోట

కాప్రాలోని ఆ కాలనీలో అందరి ఇళ్ల ముందూ ట్యాంకర్ నీళ్లతో బతికే పచ్చిక ఉంటే, స్వర్ణలత ఇంటి ముందు ఎర్రమట్టే ఉంది. పచ్చికను ఆమే పారతో పెళ్లగించింది. రోజూ పొద్దున్నే కొంగు బొడ్లో దోపుకొని, బియ్యం కడిగిన నీళ్లు మట్టిలో పోసి ఎటు పారుతున్నాయో చూస్తుంది. తడి నిలిచే చోట వావిలి, తొందరగా ఆరే చోట తంగేడు, వాటి మధ్య మెలికలు తిరిగే బాట. అన్నిటికీ ముగ్గుపిండితో గీతలు గీస్తుంది. గాలికి చెదిరితే మళ్లీ గీస్తుంది. వానలు పడగానే నాటాలి.

ఆదివారం కాలనీ సంఘం కార్యదర్శి వేణుమాధవ్ వచ్చి, మట్టి మధ్యలో నిలబడి అరిచాడు. "ఏంది మేడం ఇది? పిచ్చిచెట్లు పెడితే కాలనీ ఇజ్జత్ పోతది. మళ్ల గడ్డి వెయ్యాల్సిందే!"

"మీ గడ్డికి మీరు ట్యాంకర్లు తెప్పిచ్చుకోండ్రి. నా జాగల తంగేడే ఉంటది," అంటూ ఆమె వంగి గీస్తూనే ఉంది.

ఆయన విసురుగా వెనక్కి తిరిగేసరికి గేటుకు అడ్డంగా ఆమె అప్పుడే గీసిన తెల్లటి గీతలు. ముగ్గు తొక్కడానికి ఆయనకు కాలు రాలేదు. బాట వెంటే మెలికలు తిరుగుతూ నడిచాడు.

"ఆ మలుపు కాడ ఇరుకైతుందా సార్?" అంది స్వర్ణలత. "చెప్పుండ్రి, ఇప్పుడే సరిజేస్త."