నాంచారమ్మ పుట్టింటివాళ్లు

ఆ ఏడు ఉగాది శుక్రవారం పడింది. మస్కట్‌లో ఇళ్లలో పనిచేసే మాకు వారంలో సెలవు దొరికేది ఆ ఒక్కరోజే. హమ్రియాలో ముగ్గురం కలిసి అద్దెకు తీసుకున్న గదిలో పండగ చేసుకున్నాం. రోడ్డు పక్క చెట్టు నుంచి వేపపువ్వు నేనే దులుపుకొచ్చాను. పచ్చడి కలిపింది మాత్రం మా గదిలో ఉండే అక్క. కడప ముస్లిం ఆమె, నాకంటే పదేళ్లు పెద్దది. తల మీద చున్నీ సర్దుకుని, గోడకున్న వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ముందు కొబ్బరికాయ కొట్టి, గుప్పెడు బియ్యం, బెల్లం, చింతపండు పెట్టింది.

గోదావరి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. "అదేంటండీ, మీరు సాయిబులు కదండీ!"

"అయితే ఏం? అల్లునికి పండగ పెట్టొద్దా?" అంది అక్క.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మాది దేవుని కడప. ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది.

పూర్వం తిరుమలకు నడిచిపోయేవాళ్లు ముందు మా ఊరి వెంకటేశ్వరస్వామికి మొక్కుకునే కొండెక్కేవాళ్లట. అందుకే అది దేవుని గడప. ఆ గడపే కడప అయింది. రథసప్తమినాడు తేరు కదిలితే, తాడు పట్టినవాణ్ణి నువ్వెవరని ఎవరూ అడగరు. ఇక ఉగాదినాడు తెల్లవారకముందే బురఖాల్లో ఆడవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్న మగవాళ్లు గుడి ముందు బారులు తీరతారు. స్వామి పెళ్లాడిన బీబీ నాంచారమ్మ వాళ్లింటి పిల్ల. అదంతా ఆ అమ్మాయికి పూసగుచ్చినట్టు చెప్పాను.

"మరి గుడిలోకి రానిస్తారాండీ?" అందామె, ఈసారి నవ్వకుండా.

"పిల్లనిచ్చినోళ్లను వాకిట్లో నిలబెడతారా మే?" అంది అక్క. "తీర్థమిచ్చి, శఠగోపం పెట్టి పంపిస్తారు."

అంతవరకూ ధీమాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "నాలుగేండ్లాయె, నేను పోక."

మరుసటి ఉగాదికి నాకు ఊరికి పోవడానికి సెలవు దొరికింది. ప్రయాణానికి ముందు అక్క ఆకుపచ్చ పట్టు రవికగుడ్డ కొనితెచ్చి నా చేతిలో పెట్టింది. "నా పేరు చెప్పి మా బిడ్డ నాంచారమ్మకు ఇయ్యి. మర్చిపోతే ఊరుకోను."

మరచిపోలేదు. ఉగాదినాడు తెల్లవారుజామునే మా గుడి ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందున్న ముసలావిడ, బురఖా వేసుకుని, చంకలో పూలబుట్ట పెట్టుకుని, వెనక్కి తిరిగి నా చేతిలోది చూసింది. ఎవరిదో, ఎక్కడినుంచి తెచ్చానో చెప్పాను.

"మస్కట్ నుంచా!" అని సంబరపడి, అంతలోనే కసురుకుంది. "ఉత్త గుడ్డేనా? పుట్టింటోళ్లు పూలు, గాజులు లేకుండా పెడతారా యాడన్నా?"

నా జవాబు కోసం ఆగలేదు. తన బుట్టలోంచి మూర మల్లెపూలు తుంచి, డజను గాజులు తీసి గుడ్డ మీద పెట్టింది. "ఇప్పుడు ఇయ్యి. గుడ్డ పంపిన ఆ యమ్మ పేరు గట్టిగా చెప్పు, అయ్యవారికి వినపడాల."

గట్టిగానే చెప్పాను.