స్పీకర్ పెట్టిన తరగతికి, అత్వెల్లి నుంచి

వినపడని పిల్లల కోసం బడి వెతుక్కునే తల్లులు చదువుతారని ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను, తప్పులుంటే ఏమనుకోకండి. మా బిడ్డ సునీత శామీర్‌పేట దగ్గర ఒక బడిలో నాలుగేళ్లు పనిచేసింది. టీచర్ నోటితో చెప్పే పాఠాన్ని పక్కనే నిలబడి చేతులతో, ముఖంతో చెప్పేది. మొన్న వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది. ఇరవై ఏడేళ్లు. బట్టలు సర్దుతుంటే ఆమె అల్మారాలో ఒక పెద్ద నోటుపుస్తకం దొరికింది. సైన్సు మాటలకు చాలావాటికి సైగలు లేవట. ఆమే పిల్లలూ కూర్చొని ఒక్కో మాటకు ఒక సైగ ఒప్పుకొని, ఆ చేతి బొమ్మ గీసి పెట్టుకున్నారు. పదో తరగతి పరీక్షలు దగ్గరకొచ్చాయి. ఆ పుస్తకం లేకుండా ఆ పిల్లలు ఎట్లా చదువుతారని నాకు నిద్ర పట్టలేదు.

ఉదయం ఎనిమిదింటికి అత్వెల్లిలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. మేడ్చల్‌లో దిగి శామీర్‌పేటకు షేర్ ఆటో పట్టుకున్నాను, నలభై రూపాయలు. ఆటో నిండేదాకా కదలదు, అరగంట ఎక్కువే పెట్టుకోండి. బడి పేరు చెప్తే డ్రైవర్, "గా చేతులూపే పిల్లల బడేనా అమ్మా?" అన్నాడు. "ఊపుడు కాదు బిడ్డా, మాట్లాడుడు" అన్నాను. శామీర్‌పేటలో పెద్దరోడ్డు దాటడమే కష్టం. ఆ వేళకు తుర్కపల్లి కంపెనీల క్యాబులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. దాటాక పది నిమిషాల నడక.

ఆఫీసులో ఇన్‌చార్జి సారు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, మా బిడ్డ మంచిదని చెప్పాడు. ఆమె జాగాలో ఎవరొచ్చారని అడిగితే, ఇంకా ఎవరూ రాలేదు, వచ్చే ఏడాది చూస్తామన్నాడు. పుస్తకం ఇక్కడ పెట్టి పొండి, బీరువాలో భద్రంగా ఉంటుందన్నాడు.

"మరి పిల్లలు ఎట్ల నేర్చుకుంటున్నరు సార్?"

"ఫికర్ చెయ్యకమ్మా. క్లాసుల కొత్త స్పీకర్ పెట్టించినం. మస్తు సౌండొస్తది."

నేను తప్పుగా విన్నానేమో అనుకున్నాను. "వినపడని పిల్లలకు సౌండెందుకు సార్?"

కొంచెం కొంచెం వినపడేవాళ్లు కూడా ఉంటారు కదా అన్నాడు. ఎంతమంది అని అడిగితే ఏడుగురిలో ఒక్కడు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నా బిడ్డ పోయిందని ఇంటికి దండ పంపిండ్రు. ఆమె జేసే పనికి ఎవరిని పంపిండ్రు?" అన్నాను. ఆయన ఫోను చూసుకున్నాడు. నేను పుస్తకం చంకలో పెట్టుకొని తరగతికి నడిచాను.

గోడ మీద డబ్బా గుయ్యిమంటోంది. మైకు పట్టుకొని టీచరమ్మ బోర్డు వైపు తిరిగి పాఠం చెబుతోంది. ముందు బెంచీల పిల్లలు ఆమె జడను చూస్తూ కూర్చున్నారు. ఐదు నెలలుగా వాళ్లు చూసిన పాఠం ఆ జడే. నన్ను చూసి ఆమె మైకు ఆపేసింది. పాపం, ఆమెకూ సైగలు ఎవరూ నేర్పలేదట.

నేను పుస్తకం తెరిచి చూపించాను. పిల్లలంతా లేచి చుట్టూ మూగారు. వాళ్ల చేతులు ఒక్కసారే లేచాయి. బొమ్మ చూస్తూ నేనూ ఒక సైగ చేయబోయాను. మమత అనే పిల్ల తల అడ్డంగా ఊపి, తన నీలం చున్నీ తీసి నా చీర మీద మెడ నుంచి నడుము దాకా కప్పింది. తర్వాత కాగితం మీద రాసింది: "పూల చీర మీద చేతులు కనపడవు అమ్మా."

పెళ్లీడు పిల్లవు, రోజూ ఈ నల్ల డ్రెస్సులేందే అని సునీతను నాలుగేళ్లు తిట్టాను. ఆమె పోయే ముందటి ఏడు దసరాకు అద్దాల డ్రెస్సు తెస్తే బడికి వేసుకోలేదని మూడు రోజులు మాట్లాడలేదు. ఆమె చెప్పే ఉంటుంది, నేనే విని ఉండను. చెవులున్నదాన్ని.

పుస్తకం బీరువాకు ఇవ్వలేదు. రోడ్డు మీది దుకాణంలో జిరాక్స్ తీయించుకొని వచ్చి, అసలుది మమత చేతికిచ్చాను. నాకు జిరాక్స్ చాలు. రెండింటికి ఆటో ఎక్కాను. బిడ్డ పోయిన దుఃఖం నాది, దాన్ని నేను మోస్తాను. కానీ ఆమె పనిని కూడా ఆమెతోపాటే పూడ్చేసి, పైన ఒక డబ్బా బిగించినవాళ్లను నేను క్షమించను. పరీక్షల లోపు మనిషిని పెట్టమని కాగితం రాసి, ఆఫీసులో ముద్ర వేయించుకొనే వచ్చాను. జవాబు రాకపోతే మళ్లీ పోతాను, ఈసారి నల్ల చీరలో.

మీరు బడి చూడటానికి పోతే, మా పిల్లను చేర్చుకుంటారా అని ఒక్కటే అడిగి రాకండి. ఒక పీరియడంతా వెనక బెంచీలో కూర్చోండి. టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడు పిల్లలు ఎవరిని చూస్తున్నారో చూడండి. చూడటానికి ఎవరూ లేకపోతే, అక్కడ చేర్చకండి.